ఎండలు ముదిరేలోపు గోల్డ్‌ఫిష్ తొట్టికి ఈ జాగ్రత్తలు

నెల్లూరు, ఒంగోలులో రోహిణి కార్తెకి ఇంట్లో తొట్టి నీళ్లు కూడా వేడెక్కుతాయి. చేప నలతగా కనబడితే మందు సీసా తీసేముందు ఇవి చూసుకోండి.

– నీళ్లన్నీ ఒక్కసారే మార్చొద్దు. కుళాయి నీళ్లలోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది, ఫిల్టర్‌లో అమ్మోనియాను (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం) తొలగించే బ్యాక్టీరియానూ చంపుతుంది. పావు వంతు చాలు, అదీ డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను విరిచే మందు) కలిపాకే.

– మందుకన్నా ముందు నీటి పరీక్ష. అమ్మోనియా, దాన్నుంచే పుట్టే నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నీళ్లు తేటగా ఉన్నాయి కదా అంటారు, అమ్మోనియా కంటికి కనబడదు. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ దాని విషమూ పెరుగుతుంది. రొయ్యల చెరువుల పుణ్యమా అని మన దగ్గర ఆక్వా షాపులకు కొదవలేదు. కిట్ కొనేటప్పుడు మంచినీటికి పనికొస్తుందో లేదో అడగండి.

– పైకొచ్చి గుటకలు వేస్తుంటే ఆకలనుకుని మేత వేయొద్దు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. ఎయిర్ పంప్ పెట్టండి.

– ఐసు ముక్కలు వద్దు. వేడి ఒక్కసారిగా పడిపోతే చేప తట్టుకోలేదు. మూత తీసి వల కప్పి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి.

– తెల్ల చుక్కలు చూడగానే టెన్షన్ పడొద్దు. ఒళ్లంతా ఉప్పు చల్లినట్టుంటే ఇచ్ అనే పరాన్నజీవి జబ్బు కావచ్చు. మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున మాత్రమే ఉంటే సాధారణంగా అది మగచేప ఈడుకొచ్చిన గుర్తు. దానికీ మందు పోసేవాళ్లున్నారు!

– ఫిల్టర్ స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి, కుళాయి కింద కాదు.

– బోరు నీళ్లయితే రాత్రంతా బకెట్లో గాలి పట్టించండి. అప్పుడే తోడిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉండొచ్చు.