మిల్లు కాంటా బిల్లింగ్ కోసం మూడు సిస్టమ్‌ల గ్యాలెరా క్లస్టర్

మిర్యాలగూడ దిక్కు మిల్లుల్లో కాంటా బిల్లింగ్ అంతా ఒక్క కంప్యూటర్ మీదనే నడిపిస్తుంటే సీజన్‌ల వడ్లు దిగేటప్పుడు ఆ డిస్క్ పోయిందనుకోండి, ఇగ లారీలు గేటు బయట లైన్ కడతయి. దీనికి మరియాడీబీ అనే డేటాబేస్‌ని కొన్ని సిస్టమ్‌లల ఒక్కతీరు ఉంచే గ్యాలెరా క్లస్టర్ (సిస్టమ్‌ల జట్టు) మంచిగ పనికొస్తది, ఓపెన్ సోర్స్, పైసా కట్టేది లేదు, ఏ సిస్టమ్‌ల బిల్లు ఎక్కించినా మిగతా వాటికి పోతది.

సిస్టమ్‌లు మూడు ఉండాలె. రెండే పెడితే మధ్యల కేబుల్ ఊడినప్పుడు ఎవరికీ మెజారిటీ ఉండదు, రెండూ క్వెరీలు (డేటా చూసే, రాసే ఆదేశాలు) తీసుకోవు. మూడోది కొనలేకపోతే పాత డెస్క్‌టాప్ మీద గార్బ్‌డి అనే గ్యాలెరా చిన్న ప్రోగ్రామ్ వేయండి, అది డేటా దాచుకోదు, ఓటు మాత్రం వేస్తది.

మూడింట్ల మరియాడీబీ, గ్యాలెరా 4, మరియాబ్యాకప్ (డేటా కాపీ తీసే టూల్) ఎక్కించి స్టాటిక్ ఐపీలు ఇవ్వండి, ఫైర్‌వాల్‌ల 3306, 4567, 4568, 4444 పోర్టులు తెరవండి. కాన్ఫిగ్‌ల బిన్‌లాగ్ ఫార్మాట్ రో, ఇంజిన్ (టేబుల్ డేటా దాచే పద్ధతి) ఇన్నోడీబీ, ఆటోఇంక్ లాక్ మోడ్ 2, క్లస్టర్ అడ్రస్ కాడ మూడు ఐపీలు రాయాలె. తర్వాత ఒక్కదాంట్ల మాత్రమే క్లస్టర్‌ని మొదలుపెట్టే గ్యాలెరా న్యూ క్లస్టర్ కమాండ్ కొట్టండి, మిగతా రెండు మామూలుగ స్టార్ట్ చేస్తే చాలు. స్టేటస్ చూస్తే డబ్ల్యూఎస్‌రెప్ (గ్యాలెరా సెట్టింగ్‌ల పేర్ల ముందు వచ్చే మాట) క్లస్టర్ సైజ్ 3, స్టేటస్ ప్రైమరీ, లోకల్ స్టేట్ సింక్డ్ అని రావాలె.

పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నోళ్లు ముందుగాల టేబుల్స్ చూస్కోండి. మైఐశామ్ అనే పాత ఇంజిన్‌ల ఉంటే ఇన్నోడీబీకి మార్చండి, ప్రతి టేబుల్‌కి ప్రైమరీ కీ (ఒక్కో వరసని గుర్తుపట్టే కాలమ్) ఉండాలె. ఇంకోటి, ఆటో ఇంక్రిమెంట్ (దానంతటదే పెరిగే) నంబర్లు మూడు మూడు దుంకుతయి, 1 తర్వాత 4, 7 అట్ల, కాబట్టి బిల్లు నంబర్‌కి దాన్నే వాడుతుంటే లెక్కలు చూసేటోళ్లు నడిమిట్ల బిల్లులు ఏవని అడుగుతరు, బిల్లు నంబర్‌కి వేరే కాలమ్ పెట్టుకోండి.

అసలు కష్టం కరెంట్ పోయి మూడూ ఒక్కసారే బంద్ అయినప్పుడు. తొందరపడి చేతికి దొరికిన సిస్టమ్‌ల న్యూ క్లస్టర్ కొట్టకండి, దయచేసి. మూడింట్ల సర్వీస్ ఆపి ఉంచి, డేటా ఫోల్డర్‌ల గ్రాస్టేట్ ఫైల్ తెరిచి సీక్వెన్స్ నంబర్ (ఆఖరి లావాదేవీ నంబర్) చూడండి. సక్కగ ఆగలేదు కాబట్టి చాలాసార్లు అక్కడ -1 ఉంటది, అప్పుడు డబ్ల్యూఎస్‌రెప్ రికవర్ ఆప్షన్‌తోని సర్వర్‌ని నడిపితే లాగ్‌ల అసలు పొజిషన్ వస్తది. ఉదాహరణకి ఒకదాంట్ల 48210, ఇంకోదాంట్ల 48213, మూడోదాంట్ల 48209 వచ్చిందనుకోండి, 48213 ఉన్నదే అందరికన్నా ముందున్నది. దాంట్ల మాత్రమే గ్రాస్టేట్ ఫైల్‌ల సేఫ్ టు బూట్‌స్ట్రాప్‌ని 1 చేసి న్యూ క్లస్టర్ కొట్టండి, అది లేచినంక మిగతావి ఒక్కోటి స్టార్ట్ చేయండి. వెనకున్న 48210 సిస్టమ్‌ని ముందు లేపితే ముందున్న దాని డేటా మీద పాత కాపీ పడి ఆఖరి మూడు లావాదేవీలు పోతయి, అవి ఏ రైతు కాంటా చీటీలో ఎవరికీ తెల్వదు.

మూడింటికి యూపీఎస్ పెట్టేటప్పుడు నెట్‌వర్క్ స్విచ్‌ని కూడా దానికే కలపండి, స్విచ్ ఆగితే సిస్టమ్‌లు నడుస్తున్నా క్లస్టర్ విడిపోతది. రోజూ రాత్రి బ్యాకప్ తీసి బయట డిస్క్‌ల పెట్టుడు మానకండి, ఎవరన్నా పొరపాటున డిలీట్ కొడితే అది మూడింట్ల డిలీట్ అయితది.