షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళకి రక్తం బాగా ఆడాలంటే మందులు ఎలా వాడాలి

షుగర్ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళ కాళ్ళు ఒకసారి చూడండి, మోకాలి కింద వెంట్రుకలు రాలిపోయి చర్మం నున్నగా మెరుస్తుంటుంది, పాదం ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, చిన్న గీత పడినా వారాలకి గానీ మానదు. బొటనవేలి కొన నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో మామూలు రంగుకి రావాలి, రాకపోతే రక్తం అందట్లేదేమో అని అనుమానించండి.

అలాగని మెడికల్ షాపుకెళ్ళి రక్తం ఆడే మాత్ర ఇవ్వమని అడక్కండి. ముందు ఏబీఐ చేయించుకోండి, అంటే చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చే టెస్టు. 0.9 గానీ తక్కువ గానీ వస్తే కాలి రక్తనాళాలు సన్నబడినట్టు. 1.4 దాటితే బాగుందని సంబరపడొద్దు, నాళాలకి కాల్షియం పట్టి గట్టిపడితే అలా చూపిస్తుంది, అప్పుడు కాలి వేలి దగ్గర ప్రెషర్ చూడమని అడగాలి.

ఎక్కువగా రాసేది సిలోస్టజాల్. అసలు ఇది నడిస్తే పిక్కలు పట్టేసేవాళ్ళకి, చర్మం కోసమని కాదు, కానీ నాళాలు వెడల్పయ్యి ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) ఒకదానికొకటి అంటుకోవడం తగ్గుతుంది. మామూలుగా 100 ఎంజీ రోజుకి రెండుసార్లు, తిండికి అరగంట ముందు లేదా రెండు గంటల తర్వాత. మొదట్లో తలనొప్పి, గుండె దడ, విరేచనాలు రావచ్చు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి 12 వారాలు కూడా పడుతుంది కాబట్టి వారానికే విసుగుపడి మానేయకండి. హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగ్గా పంపు చేయలేని జబ్బు) ఉంటే మాత్రం అస్సలు వాడకూడదు, గ్యాస్‌కి ఒమెప్రజాల్ వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి, డోసు సగం చేస్తారు. పెంటాక్సిఫిలిన్ అని ఇంకోటుంది, 400 ఎంజీ మూడుసార్లు తిన్నాక, ఫలితం అంతంతమాత్రమే అని నా లెక్క, పైగా ఈమధ్య కంట్లో రక్తస్రావం అయినవాళ్ళకి పనికిరాదు.

జనం చేసే పెద్ద తప్పేంటంటే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ రాసిస్తే, వీటితో కాలికేమీ తెలియట్లేదుగా అని మానేస్తారు. తెలియదు మరి, అవి గుండెపోటు, పక్షవాతం రాకుండా కాపలా కాసేవి! సిగరెట్ తాగుతూ ఈ మాత్రలు మింగడం చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

చర్మానికి యూరియా క్రీమ్ రాయండి, వేళ్ళ సందుల్లో వద్దు. చల్లగా ఉన్నాయి కదా అని వేడినీళ్ళ బ్యాగ్ పెట్టకండి, స్పర్శ తగ్గిన కాలికి కాలినా తెలియదు, బొబ్బ వచ్చాకే చూసుకుంటారు.

రాత్రి పడుకుంటే కాలు నొప్పి పెట్టి మంచం కిందకి వేలాడేస్తే హాయిగా ఉంటోందా, వేలు నల్లబడిందా, కాలు ఉన్నట్టుండి చల్లబడిందా, అప్పుడు మాత్ర పనిచేస్తుందని ఎదురుచూడకుండా ఆరోజే రక్తనాళాల సర్జన్ దగ్గరికి పరిగెత్తండి.