గని వస్తోందా? ప్రజాభిప్రాయ సేకరణకు ఇలా సిద్ధం కండి

మా పల్నాడులో, మా ఊరి పక్కనే సున్నపురాయి గని పెడతామని పేపర్లో ప్రకటన పడింది. అప్పటికి నేను బడి నుంచి రిటైరై ఏడాది. ప్రజాభిప్రాయ సేకరణ సభ రోజున వెళ్లి గట్టిగా అడిగేస్తే చాలనుకున్నాం. కానీ అసలు పని సభకు ముందు నెల రోజుల్లోనే ఉంది.

2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. గని వల్ల చుట్టుపక్కల ఏం జరుగుతుందో చెప్పే కంపెనీ ముసాయిదా నివేదిక, దాని తెలుగు సారాంశం కలెక్టరేట్లో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఎవరైనా చూడొచ్చు. మొదటి వారంలోనే వెళ్లండి. సారాంశంతో సరిపెట్టుకోకుండా పూర్తి నివేదిక అడగండి. ఇంగ్లిష్ అని బెదరొద్దు, డిగ్రీ చదివే పిల్లల్ని ఇద్దరిని వెంటబెట్టుకెళ్లండి.

ముందు నివేదికలోని మ్యాపు చూడండి. గని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో ఏమున్నాయో అందులో కనిపించాలి. మాకు చూపించిన మ్యాపులో ఊరి చెరువు ఉంది, దాన్ని నింపే వాగు లేదు! ఆ వాగు పుట్టేది వాళ్లు తవ్వబోయే గుట్ట దగ్గరే. నేనూ మా తమ్ముడూ వాగు పొడుగునా నడిచి, లొకేషన్ పడేలా ఫోన్లో ఫోటోలు తీశాం. ఎవరి బోరు ఎన్ని అడుగుల్లో ఉందో, ఎండాకాలం ఎన్ని గంటలు పోస్తుందో రైతుల్ని అడిగి నోటుబుక్కులో రాసుకున్నాం. నీళ్ల శాంపిళ్లు ఏ నెలలో, ఏ బావిలో తీశారో కూడా చూడండి.

అభ్యంతరాలు రాసి కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ‘ఊరు నాశనమవుతుంది’ అని రాస్తే ఎవరూ జవాబు చెప్పరు. ‘ఫలానా పేజీ మ్యాపులో వాగు ఎందుకు లేదు?’ అని రాస్తే చెప్పి తీరాలి.

సభలో హాజరు కాగితం మీద సంతకం పెట్టేముందు పైన ఏం రాసుందో చదవండి. నీళ్లు మోసే ఆడవాళ్లను ముందు మాట్లాడనివ్వండి, వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

సభ చివర్లో అధికారులు, వచ్చిన ప్రశ్నల్నీ కంపెనీ జవాబుల్నీ తెలుగులో చదివి వినిపించాలి. సరిగ్గా అప్పుడే జనం భోజనాలకు లేస్తారు. మీరు కదలొద్దు. మా వాగు సంగతంతా ‘నీటి సమస్య’ అని ఒక్క మాటలో తేల్చేశారు. మా పక్కింటి కోడలు లేచి, ‘వాగు పేరు రాయండి సార్’ అని పట్టుబట్టింది. రాశారు.

గనికి పర్యావరణ అనుమతి వచ్చేస్తే, 30 రోజుల్లోగా పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయొచ్చు. మనకు చెన్నై బెంచి. స్టాంపు వేసిన ఆ కాగితాలు అప్పుడు అవసరమవుతాయి, దాచిపెట్టండి.