వర్డ్‌ప్రెస్ ఎడిటర్‌లో మన రంగులు మనమే పెట్టుకోవచ్చు

వర్డ్‌ప్రెస్‌లో (బ్లాగులు, వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) పోస్టు రాసిన ప్రతిసారీ నాకు నచ్చిన ఒక్క ఎరుపు కోసం పాత పోస్టు తెరిచి కోడ్ కాపీ చేసుకోవడం నాకు విసుగొచ్చింది. ప్లగిన్ (విడిగా చేర్చుకునే అదనపు ప్రోగ్రామ్) ఏదీ లేకుండానే పనైంది.

డ్యాష్‌బోర్డులో అప్పియరెన్స్, ఎడిటర్, స్టైల్స్, కలర్స్ వరుసగా నొక్కి పాలెట్ (రంగుల పట్టిక) తెరవండి. కింద కస్టమ్ అని ఉన్నచోట ప్లస్ గుర్తు నొక్కి రంగు కోడ్ ఇవ్వండి. నేను #990000 ఇచ్చాను, ముదురు ఎరుపు. పేరు కూడా పెట్టి సేవ్ చేయండి. మూడు నాలుగు రంగులు చాలు, ఎక్కువైతే పేజీ సంతలా తయారవుతుంది.

ఇక పేరా మొత్తానికి రంగు కావాలంటే కుడివైపు సెట్టింగ్స్‌లో టెక్స్ట్ కలర్ ఉంటుంది. రెండు మూడు మాటలకే అయితే వాటిని సెలెక్ట్ చేసి, టూల్‌బార్‌లో కిందికి చూపే బాణం నొక్కి హైలైట్‌లోకి వెళ్లండి. అక్షరాల రంగు అక్కడుందని ఎవరూ అనుకోరు, నాకూ చాలాసేపు దొరకలేదు. రేపు ఆ ఎరుపు నచ్చకపోతే పాలెట్‌లో ఒక్కచోట మారిస్తే చాలు, దాన్ని వాడిన పాత పోస్టులన్నిటిలో మారిపోతుంది.

ఇలా పాలెట్ మార్చుకోవడం బ్లాక్ థీమ్ (సైటు మొత్తం రూపాన్ని బ్లాకులతో మార్చుకోనిచ్చే కొత్త రకం థీమ్) ఉంటేనే. పాత రకం థీమ్‌లో ఈ దారి దొరకదు. తర్వాత వేరే థీమ్‌కి మారితే ఈ రంగులు దాంట్లోకి రావు, ఆ అక్షరాలు మామూలు రంగుకి వచ్చేస్తాయి. అందుకే కోడ్‌లు ఎక్కడైనా రాసి పెట్టుకోండి.