వెబ్‌సైట్ మెనూ బార్‌లో ఏది ఎక్కడ పెట్టాలి?

పచ్చళ్లు అమ్మే సైట్ ఒకటి కడుతున్నారనుకోండి. పైన మెనూలో ఏమేం కావాలని ఓనర్‌ని అడిగితే సాధారణంగా వచ్చే లిస్టు ఇది: హోమ్, మా గురించి, గ్యాలరీ, ప్రొడక్ట్స్, కాంటాక్ట్. కొనడానికి వచ్చినవాళ్లకి కావాల్సిందేమో నాలుగో స్థానంలో ఉంది.

1. ఆ లిస్టు కాసేపు పక్కన పెట్టండి. కస్టమర్లు ఫోన్లో, వాట్సాప్‌లో అడిగేవి రాసుకోండి. "ఆవకాయ అరకిలో ఎంత?", "అమెరికాకి పంపిస్తారా?", "నా పార్సిల్ ఎక్కడిదాకా వచ్చింది?" పదేపదే వచ్చే ప్రశ్నలే మీ మెనూ.

2. ఇప్పుడు చోటు చూడండి. ఎడమ చివర లోగో, నొక్కితే హోమ్ పేజీ రావాలి. కుడి చివర కార్ట్, దాని పక్కన లాగిన్, సెర్చ్. ఇక్కడ కొత్తదనం వద్దు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వాడి వాడి జనం చూపు అటే పోతుంది. మధ్యలో సరుకు: పచ్చళ్లు, పొడులు, స్వీట్లు. వీటన్నిటినీ "ప్రొడక్ట్స్" కింద దాచేస్తే ఇంకో క్లిక్కు పెరగడం తప్ప లాభం లేదు. ఎక్కువ అమ్ముడయ్యేది ముందు పెట్టండి. వరసలో మొదటిదీ చివరిదీ కంట్లో పడతాయి కాబట్టి "డెలివరీ" చివర్లో ఉంచండి. మా గురించి, రీఫండ్ నిబంధనలు పేజీ అడుగుకి దించేయండి. ఓనర్ కాస్త అలుగుతారు, ఫర్వాలేదు.

3. అసలు తలనొప్పి మొబైల్‌తోనే. నొక్కితే మెనూ తెరుచుకునే మూడు గీతల గుర్తు (☰) 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం డిజైనర్ నార్మ్ కాక్స్ గీసింది. చోటు కలిసొస్తుందని అన్నీ దాని వెనక్కి తోసేస్తాం, కానీ కనపడనిదాన్ని వెతికి నొక్కేవాళ్లు తక్కువ. సెర్చ్, కార్ట్ మాత్రం బయటే ఉండనివ్వండి. స్క్రీన్ అడుగున బార్ పెడితే బొటనవేలికి అందుతుంది. గూగుల్ డిజైన్ సూచనల ప్రకారం అందులో 3 నుంచి 5 ఐటమ్స్ చాలు. బటన్ మరీ చిన్నగా ఉంటే వేలు పక్కదాని మీద పడుతుంది. యాపిల్ చెప్పే కనీస కొలత 44 పాయింట్లు, ఆండ్రాయిడ్‌కి 48 డీపీ (రెండూ స్క్రీన్ మీద సైజు చెప్పే యూనిట్లే).

4. తెలుగు పేర్లు పెట్టి చూడండి. "మమ్మల్ని సంప్రదించండి" అని రాస్తే బార్ రెండు వరసలవుతుంది, "ఫోన్ చేయండి" అంటే సరిపోతుంది. ఇంగ్లీషుకి సరిపోయిన ఎత్తులో "పచ్చళ్లు" వత్తులు కింద తెగిపోతాయి, లైన్ ఎత్తు పెంచండి. ఉర్దూ వెర్షన్ కూడా ఉంటే బార్ మొత్తం తిరగబడాలి: లోగో కుడికి, కార్ట్ ఎడమకి.

5. సైట్ ఎప్పుడూ చూడనివాళ్లకి ఫోన్ ఇచ్చి, "కిలో మాగాయ కార్ట్‌లో వేయండి" అనండి. పక్కనుంచి చెప్పకండి, వేలు మొదట ఎటు వెళ్తుందో గమనించండి. ఇద్దరు ముగ్గురు ఒకేచోట ఆగిపోతే ఆ ఐటమ్ చోటో పేరో మార్చండి. ఖాయమయ్యాక అన్ని పేజీల్లో అదే వరస ఉంచండి. చెకౌట్ పేజీలో మాత్రం లోగో మిగిల్చి మెనూ తీసేయవచ్చు, డబ్బు కట్టేటప్పుడు పొడుల వైపు చూపు మళ్లకుండా.