ఫిలిప్పీన్స్ కస్టమర్లకు నచ్చేలా ఆన్‌లైన్ మార్కెటింగ్ చేయడం ఎలా?

మనం ఎవరినైనా ‘పో’ అంటే తరిమేసినట్టు. మనీలాలో అదే మాట మన ‘అండి’. ‘సలామత్ పో’ అంటే ‘థాంక్సండీ’ అని. ఇక్కడ కూర్చుని అక్కడి క్లయింట్ల పేజీలు నడిపే ఫ్రీలాన్సర్లు ముందు నేర్చుకోవాల్సింది యాడ్ సెట్టింగులు కాదు, ఈ పిలుపులే. కొబ్బరినూనెతో సబ్బులు చేసి అమ్మే ఒక చిన్న షాపును ఉదాహరణగా తీసుకుందాం.

1. ఏ ఊరివాళ్లకో తేల్చుకోండి

ఫిలిప్పీన్స్‌లో 7,641 దీవులున్నాయి. టగాలోగ్ భాష ఆధారంగా ఏర్పడిన ఫిలిపినో, ఇంగ్లిష్ అధికార భాషలు. కానీ మనీలా చుట్టుపక్కల జనం ఫోన్‌లో టైప్ చేసేది ‘టాగ్లిష్’, అంటే టగాలోగ్‌లో ఇంగ్లిష్ కలిపిన భాష. మెషీన్ ట్రాన్స్‌లేషన్‌తో వచ్చే అచ్చ టగాలోగ్ పెడితే, మన దగ్గర రైలును ధూమశకటం అన్నట్టే ఉంటుంది. తప్పేమీ లేదు, కానీ అలా ఎవరు మాట్లాడతారు?

‘ఆంగ్ బంగో, ఆతె! ట్రై న్యో నా పో’ అని రాయండి. ‘ఎంత మంచి వాసనో అక్కా! ఒకసారి ట్రై చేయండి’ అని అర్థం. ఆతె అంటే అక్క, కుయా అంటే అన్న. ముక్కూమొహం తెలియని కస్టమర్‌ను కూడా అక్కా, అన్నా అని పిలవడం మనకు కొత్తేమీ కాదు కదా.

అయితే ఇదే లైను సెబూ దీవిలో పెట్టకండి. అక్కడ మాట్లాడేది బిసాయా (దీన్నే సెబువానో అంటారు). ఆ భాషలో ‘పో’ అనే మాటే లేదు. అది లేకపోతే మర్యాద తగ్గినట్టు కాదు, వాళ్ల మర్యాద గొంతులో, పిలుపులో ఉంటుంది. అదే సబ్బుకు అక్కడ ‘హుమొత్ కాయో!’ అంటే చాలు, ఘుమఘుమలాడుతోందని అర్థమైపోతుంది. పోస్టు వేసే ముందు ఆ ఊరి మనిషి ఒకరికి చూపించండి, వాళ్ల టైముకు తగిన డబ్బు ఇవ్వండి. యాడ్ బడ్జెట్లో మొదటి ఖర్చు ఇదే కావాలన్నది నా గట్టి అభిప్రాయం.

2. సరిసరి కొట్టు దగ్గర నిలబడ్డట్టు ఊహించుకోండి

అక్కడ వీధి వీధికీ ఓ సరిసరి స్టోర్ ఉంటుంది. చాలావరకు ఇంటి ముందు గదే కొట్టు. ముందు ఇనుప జాలీ, దాని వెనక షాంపూ, కాఫీ సాషేల దండలు. వచ్చినవాళ్లు ‘పబిలి పో’ (కొనుక్కుంటానండీ) అని కేకేస్తారు. ఒక్క గుడ్డు, ఒక్క సాషే కూడా అమ్ముతారు. ఈ విడి అమ్మకాన్ని ‘టింగి’ అంటారు. ఎప్పుడూ అదే కొట్టుకు వచ్చే మనిషి ‘సుకి’. మనం ఖాతాదారు అన్నట్టు. అక్కడ కొట్టువాళ్లనూ అదే మాటతో పిలుస్తారు. రెండు వైపులా ఒకే మాట ఉండడం నాకు చాలా నచ్చుతుంది.

కాబట్టి ఆరు సబ్బుల ప్యాక్ ఒక్కటే పెట్టి కూర్చోకండి. విడి సబ్బు కూడా అమ్మండి. ఫేస్‌బుక్ మెసెంజర్‌లో అడిగినవాళ్లకు మనిషే జవాబివ్వాలి. రెండోసారి కొన్నవాళ్లకు పేరు పెట్టి, ‘సుకి’ అని పలకరించి, ఓ చిన్న సబ్బు ముక్క అదనంగా పెట్టి పంపండి.

3. ధర దాచకండి

కామెంట్లలో ‘హెచ్ఎం పో?’ (హెచ్ఎం అంటే హౌ మచ్) అని కనిపిస్తే, ‘ఎంతండీ?’ అని అడుగుతున్నట్టు. ‘ఇన్‌బాక్స్‌కు రండి’ అని తప్పించుకోకూడదు. 1992 నాటి అక్కడి వినియోగదారుల చట్టం ప్రకారం ధర కనబడేలా ఉండాలి. ఆన్‌లైన్ అమ్మకాలకూ ఇది వర్తిస్తుందని వాణిజ్య శాఖ హెచ్చరించింది. లక్కీ డ్రా లాంటి ప్రమోషన్లకు ప్రభుత్వ పర్మిట్ కావాలి. డబ్బు కట్టడానికి జీక్యాష్ (అక్కడి మొబైల్ వాలెట్)తో పాటు క్యాష్ ఆన్ డెలివరీ కూడా పెట్టండి.

4. వాళ్ల క్యాలెండర్ గోడకు తగిలించుకోండి

అక్కడ చాలామందికి జీతం నెలకు రెండుసార్లు, 15న, 30న వస్తుంది. జీతానికి ముందు జేబులు ఖాళీ అయ్యే రోజుల్ని ‘పెత్సా దే పెలిగ్రో’ (గండం తేదీలు) అంటారు. 12వ తేదీన ఖరీదైన గిఫ్ట్ బాక్స్ యాడ్ వేస్తే చూసి ఊరుకుంటారు. అదే యాడ్ 15వ తేదీ సాయంత్రం వేసి చూడండి.

సెప్టెంబర్ 1 నుంచే క్రిస్మస్ సందడి మొదలవుతుంది. పేరు చివర ‘బర్’ ఉన్న నాలుగు నెలలూ వాళ్లకు పండగే. 1975 నాటి ఉత్తర్వు ప్రకారం ప్రైవేటు ఉద్యోగులకు 13వ నెల జీతం డిసెంబర్ 24లోగా అందాలి. గిఫ్ట్ ప్యాక్‌లు నవంబర్‌కల్లా సిద్ధం చేసుకోండి. నవంబర్ 1న మాత్రం కుటుంబాలు సమాధుల దగ్గర దీపాలు పెడతాయి. ఆ రోజూ, గుడ్ ఫ్రైడే నాడూ ఆఫర్ల హడావుడి వద్దు.

మనకంటే వాళ్లు రెండున్నర గంటలు ముందుంటారు. రాత్రి 8కి పోస్టు పడాలంటే మనకు సాయంత్రం 5:30.

5. పరదేశంలో ఉన్న అక్కను మర్చిపోకండి

గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన కరీంనగర్, కోనసీమ ఇళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. దుబాయ్‌లో పనిచేస్తున్న అక్క ఇంటికి పెద్ద అట్టపెట్టె నిండా వస్తువులు పంపుతుంది. దాన్ని ‘బాలిక్‌బయాన్ బాక్స్’ అంటారు. దుబాయ్‌లో కూర్చుని డబ్బు కట్టి, ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో ఉన్న అమ్మకు సబ్బులు అందేలా ఆర్డర్ పెట్టే వీలు కల్పించండి. పెట్టెలో అక్క పేరుతో చిన్న చీటీ పెట్టండి.

6. తుఫాను వస్తే ఆపేయండి

వాతావరణ సంస్థ పగాసా 1 నుంచి 5 వరకు గాలి సిగ్నళ్లు ఇస్తుంది. మీ కస్టమర్లున్న చోట సిగ్నల్ పడగానే షెడ్యూల్ చేసిన పోస్టులన్నీ ఆపండి. ఇంటి పైకప్పు ఎగిరిపోయిన మనిషికి ‘ఈ రోజే ఆఖరు’ అన్న యాడ్ కనిపించకూడదు. గాలి తగ్గాక వేసే మొదటి పోస్టులో ఆఫర్ వద్దు. ‘కుముస్తా పో కయో?’ (ఎలా ఉన్నారండీ?) అని అడిగి, పెండింగ్ ఆర్డర్లు ఎప్పటికి అందుతాయో, వద్దనుకున్నవాళ్లకు డబ్బు ఎలా తిరిగిస్తారో కింద రాయండి.