పాటిగడ్డల మీదికి, శాసనాల దగ్గరికి వెళ్లేవారు పాటించవలసిన నడవడి

వరంగల్, ములుగు, కరీంనగర్ ప్రాంతాల్లో సెలవు దొరికితే శాసనాలు, వీరగల్లులు (వీరమరణం పొందినవారి స్మారక శిలలు), రాకాసి గుళ్లు (ప్రాచీన కాలపు పెద్దరాళ్ల సమాధులు) వెతుక్కుంటూ వెళ్లేవారు నేడు చాలామంది ఉన్నారు. పురావస్తు శాఖలో ఉద్యోగం లేకపోయినా, పాతవస్తువు కంటబడిన క్షణం నుంచి ఆ వృత్తిధర్మం మనకూ వర్తిస్తుంది.

పాటిగడ్డ (పూర్వం ఊరు ఉండిన మట్టిదిబ్బ) మీద కనిపించిన పెంకునైనా, పూసనైనా కదిలించకూడదు. శాతవాహనుల కాలపు ఊరైన కోటిలింగాలలో దొరికిన నాణెం ఏ శాతవాహన రాజుదో దాని మీది పేరే చెప్పవచ్చు గాని, అది ఏ మట్టిపొరలో, ఏ పెంకుల సరసన పడి ఉన్నదో ఆ నేలే చెప్పాలి. నాణెం జేబులో పడిన మరుక్షణం ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. పొలానికి బలమని పాటిమన్ను తోలుకునే రైతును దొంగలా చూడటం తగదు. మన్ను తవ్వేటప్పుడు ఏమేమి బయటపడ్డాయో అడిగి రాసుకుంటే అంతకన్నా మేలు.

రామప్ప గుడిని 1213లో కట్టించారని మనకు తెలిసింది శాసనం వల్లనే కాబట్టి, రాతి మీది అక్షరం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సుద్దముక్క, పసుపు, నూనె, రంగు ఏవీ తాకించకూడదు. ఒక చెరువుకట్ట మీది శాసనంలో అరిగిన అక్షరాన్ని ‘వ’ అనుకొని సుద్దతో దిద్ది ఫోటో తీశాను. ఆ ఫోటో చూసినవారందరూ ‘వ’ అనే చదివారు. మరోసారి వెళ్లి చూస్తే అది ‘ప’. మసక వెలుతురు వేళ టార్చిలైటును రాతికి పక్కనుంచి, దాదాపు ఆనించినట్టుగా పట్టుకొంటే గాట్లలో నీడ నిలిచి అక్షరం తనంతట తానే తేలుతుంది. పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీయాలి.

నేలలో దాగిన నిధి విలువ 10 రూపాయలు దాటితే, దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ‘కొంచెం తవ్వి చూద్దాం’ అనే మాట అసలు రాకూడదు.

గుప్తనిధుల కోసం తవ్వేవారు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు కనుక, కాపలా లేని చోట్ల ఫోటోకు లొకేషన్ జోడించి ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు. ఆ వివరం శాఖకు మాత్రమే పంపాలి. ‘తొలిసారి వెలుగులోకి’ అని పత్రికకు రాసే ముందు, ఆ రాయి దగ్గరికి మనల్ని తీసుకువెళ్లిన గొర్ల కాపరిని అడిగి, ఆయన ఒప్పుకుంటే ఆయన పేరే ముందు రాయాలి.